తప్పు ఎవరిది? బేతాళుని ప్రశ్నలు, మన పిల్లల వాదనలు

సూరత్ నగరానికి నైరుతి దిశలో ఉన్న డుమస్ సముద్రతీరం మన పాఠకులకు సుపరిచితమే. నల్లని ఇసుక, సాయంకాలపు గాలి, వరుసగా బజ్జీల దుకాణాలు. అక్కడి టమాటా బజ్జీ రుచి చూడకుండా తిరిగివచ్చిన తెలుగు కుటుంబం బహుశా ఉండదు. అదే తీరానికి మరొక ప్రసిద్ధి కూడా ఉన్నది. పూర్వం అది శ్మశానవాటిక అనీ, చీకటి పడిన తరువాత అక్కడ ఎవరివో గుసగుసలు వినిపిస్తాయనీ చెప్పుకొంటారు. దేశంలో దయ్యాలు తిరిగే చోట్ల జాబితాను ఎవరు తయారుచేసినా డుమస్ పేరు అందులో తప్పక చేరుతుంది. ఇసుక నల్లగా ఉండటానికి కారణం ఇనుము కలిసిన ఖనిజాలే కాని చితాభస్మం కాదని ఇంజనీరు బుద్ధితో చెప్పబోతే పిల్లలు చెవిని పెట్టరు. వారికి బజ్జీ కావాలి, వణుకూ కావాలి. రెండూ ఒకే సాయంత్రం కావాలి.

ఈ శీర్షికన సాధారణంగా మనం పుస్తకాలను గురించి, అప్పుడప్పుడు సంగీతాన్ని గురించి ముచ్చటించుకొంటూ ఉంటాము. ఈ మాసం విషయం కొంత విచిత్రమైనది. మన పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా కన్నార్పకుండా చూసే దయ్యాల సీరియళ్ళు, అందులోనూ పదిహేను, పదహారేండ్ల బాలబాలికలు నాయకులుగా ఉండే సీరియళ్ళు, నేటి మన చర్చనీయాంశం. పేరు వినగానే పుట తిప్పివేయబోయే పెద్దలు దయచేసి ఒక్క క్షణం ఆగవలసిందిగా ప్రార్థన.

ఈ కోవకు చెందిన సీరియళ్ళలో ముందుగా చెప్పుకోవలసినది అమెరికాలో 1997 నుండి 2003 వరకు ప్రసారమైన ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’. పాఠశాలలో చదువుకొనే ఒక బాలిక రాత్రివేళ పిశాచాలను సంహరిస్తూ ఉంటుంది. తరువాత 2009 నుండి 2017 వరకు ‘ది వాంపైర్ డైరీస్’ నడిచింది. ఆ గాలి మన దేశానికీ సోకి, 2010లో స్టార్ వన్ ఛానల్ ‘ప్యార్ కీ యే ఏక్ కహానీ’ అనే హిందీ సీరియల్‌లో రక్తపిశాచిని కళాశాల ప్రేమకథకు నాయకుణ్ణి చేసి కూర్చోబెట్టింది. ఇక 2016లో మొదలై 2025 చివర ముగిసిన ‘స్ట్రేంజర్ థింగ్స్’ సంగతి చెప్పనక్కరలేదు. హిందీ, తెలుగు శబ్దానువాదాలు కూడా రావడంతో అది మన టౌన్‌షిప్‌లోని ప్రతి ఇంటి తలుపూ తట్టింది.

ఈ సీరియళ్ళను చూడటం ఒక ఎత్తు, చూసిన తరువాత వాటిని గురించి పిల్లలు చేసే వాదన ఒక ఎత్తు. సాయంకాలం మన క్లబ్బు వరండాలో కూర్చుంటే ఆ వాదన వినవద్దన్నా వినిపిస్తుంది. జాగ్రత్తగా గమనిస్తే అది రెండు విషయాల చుట్టూనే తిరుగుతుంది. ఫలానా పాత్ర ఇన్ని తప్పులు చేసినవాడు కదా, వాణ్ణి మనం మెచ్చుకోవచ్చునా అనేది మొదటిది. నిన్నటిదాకా భయపెట్టిన కథ నేడు వేళాకోళంలోకి దిగిపోయింది, లేదా నవ్వించిన కథ ఉన్నట్టుండి ఏడిపిస్తున్నది, ఇది సబబేనా అనేది రెండవది. మన ఆలంకారికులు రసాభాస అని పేరు పెట్టిన దోషాన్నే ఈ పిల్లలు తమ భాషలో ‘టోన్ పాడైంది’ అంటున్నారు.

కొద్ది మాసాల క్రిందట ఒక సోదరి ఇదే వరండాలో నన్ను ఆపి, "అన్నయ్యగారూ, మా అమ్మాయి ఎవడో రక్తం తాగేవాణ్ణి తెగ మెచ్చుకొంటున్నది. పైగా ‘వాడు చెడ్డవాడే కాని ఆ అమ్మాయి కోసం మారాడమ్మా’ అని నాకే నచ్చచెబుతున్నది. మీరయినా కాస్త చెప్పండి" అన్నారు. ఆమె ఆందోళనను నవ్వి త్రోసివేయడం సులభం. కాని అందులో భయపడవలసిన అంశం లేకపోలేదు. ఆడపిల్లను వేధించేవాడిని గురించి ‘పెళ్ళయితే మారతాడు’ అని మన ఇళ్ళలో పెద్దలే చెప్పిన సందర్భాలు ఎన్ని లేవు? సీరియల్ చెప్పినా, మేనత్త చెప్పినా ఆ మాట వెనుక నమ్మకం ఒకటే.

అయితే ఆమె చెప్పిన మరొక మాటతో ఏకీభవించడం కష్టం. "మన కథలలో ఇటువంటివారు ఎక్కడైనా ఉన్నారా?" అన్నారామె. ఉన్నారు, కావలసినంతమంది ఉన్నారు. ధర్మరాజు తమ్ముళ్ళనూ భార్యనూ పణంగా ఒడ్డి జూదమాడినాడు. విశ్వామిత్రుని కోపాన్ని గురించి వేరే చెప్పాలా? మన కథలు దోషం లేని మనుష్యులను ఏరుకొని రాసినవి కావు. ఆ మాటకు వస్తే, దయ్యాన్ని భుజాన వేసుకొని తప్పొప్పుల విచారణ చేసే కథను మన తెలుగు పిల్లలు తరతరాలుగా చదువుతూనే ఉన్నారు.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు ప్రారంభించిన ‘చందమామ’ ఇప్పుడు వెలువడటం లేదు కాని, అందులోని బేతాళ కథలను మరచిపోయిన తెలుగువారు అరుదు. చిత్రకారులు శంకర్ గారు గీసిన ఆ బొమ్మ, శ్మశానంలో శవాన్ని భుజాన వేసుకొని కత్తి దూసి నడిచే రాజు బొమ్మ, కళ్ళు మూసుకొన్నా కనిపిస్తుంది. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు రచించిన ‘కథాసరిత్సాగరం’లోని పాతిక కథలు అయిపోయిన తరువాత కూడా, ఆ మూసలోనే కొత్త కథలు దశాబ్దాల తరబడి వస్తూనే ఉన్నాయి. 1985లో రామానంద్ సాగర్ గారు దూరదర్శన్ కోసం ‘విక్రమ్ ఔర్ బేతాల్’ తీశారు. అరుణ్ గోవిల్ రాజుగా, సజ్జన్ బేతాళుడుగా నటించారు. ఆ తరువాత రెండేండ్లకు అదే సాగర్, అదే గోవిల్, మన సూరత్ నుండి ముంబయి పోయే రైలుదారిలోనే ఉన్న ఉమర్‌గాంలో ‘రామాయణ్’ చిత్రీకరించారు. దోషులను గురించి ప్రశ్నలకు బదులు చెప్పిన నటుడే ఏ దోషమూ లేని రామునిగా దేశమంతటా పూజలందుకొన్నాడు. ఇది ఒక చమత్కారం.

బేతాళుడు కథ చెప్పి ఊరుకోడు. చివర ఒక ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్న చాలాసార్లు ‘తప్పు ఎవరిది?’ అన్నదే. ఆ లెక్కన కథ విని పాత్రల గుణదోషాలను చర్చకు పెట్టినవారిలో మొదటివాడు బేతాళుడే అనాలి. హరిస్వామి కథను ఉదాహరణకు తీసుకొందాము. భార్యను పోగొట్టుకొని దేశాలు పట్టి తిరుగుతున్న హరిస్వామి అనే బ్రాహ్మణుడు ఆకలితో ఒక గృహస్థు ఇంటికి వెళ్ళాడు. ఆ ఇల్లాలు నేయీ చక్కెరా కలిపిన అన్నం పాత్రనిండా పెట్టి ఇచ్చింది. అతడు ఆ పాత్రను చెరువుగట్టున మర్రిచెట్టు క్రింద ఉంచి కాళ్ళుచేతులు కడుగుకోవడానికి వెళ్ళాడు. అంతలో ఒక గద్ద పామును పట్టుకొని వచ్చి ఆ చెట్టు మీద వాలింది. చస్తున్న పాము నోటినుండి విషం జారి అన్నంలో పడింది. తిన్నవాడు మరణిస్తూ, ఆ ఇల్లాలే విషం పెట్టిందని నిందించాడు. ఆమె భర్త ఆమెను ఇంటినుండి వెళ్ళగొట్టాడు. ఈ బ్రహ్మహత్యాపాపం ఎవరికి చెందుతుంది?

రాజు చెప్పిన సమాధానం ఇది. పాము శత్రువు గోళ్ళలో చిక్కి ఉన్నది, దానిది తప్పు కాదు. గద్ద తన ఆహారాన్ని తాను తెచ్చుకొన్నది, దానిదీ కాదు. అన్నం పెట్టిన దంపతులు ధర్మమే చేశారు. ఆలోచించకుండా వీరిలో ఒకరిని దోషి అన్నవానికే ఆ పాపం చుట్టుకొంటుంది.

ఈ కథను మొన్న వరండాలో పిల్లలకు చెప్పాను. పన్నెండో తరగతి చదివే ఒక అమ్మాయి వెంటనే, "అంకుల్, మరి భార్యను వెళ్ళగొట్టిన భర్త సంగతి ఏమిటి? ఆలోచించకుండా నిందించింది ఆయనే కదా!" అన్నది. వెయ్యేండ్ల నాటి కథలో రాజు దంపతులిద్దరినీ కలిపి నిర్దోషులన్నాడు. కాని రాజు పెట్టిన కొలబద్దతోనే కొలిస్తే ఆ గృహస్థు పట్టుబడతాడు. ఇంతకాలంగా ఈ కథ తెలిసిన నాకు ఈ ప్రశ్న తోచలేదు. దయ్యాల సీరియళ్ళు చూసి వాదించుకొనే పిల్లకు మాత్రం క్షణంలో తోచింది. ఆ అమ్మాయి సీరియళ్ళను ఎలా చూస్తున్నదో అప్పటినుండి శ్రద్ధగా వినసాగాను. విన్నకొద్దీ ఒక విషయం స్పష్టమైంది. పాత్రలో దోషం ఉండటం పట్ల ఈ పిల్లలకు అభ్యంతరం లేదు. దోషాన్ని కథ మరచిపోతే మాత్రం వారు ఊరుకోరు.

ప్లాంటులో పనిచేసే మన ఉద్యోగులకు లాగ్ బుక్ అంటే ఏమిటో చెప్పనవసరం లేదు. ఇళ్ళలోనివారి కోసం ఒక్క మాట. ఒక షిఫ్టువారు దిగిపోయే ముందు తమ ఎనిమిది గంటలలో ఏ పంపు వేడెక్కినది, ఏ వాల్వు కారినది, ఏ అలారం మోగినది, దానికి తాము ఏమి చేసినది వివరంగా రాసి సంతకం పెడతారు. తరువాతి షిఫ్టువారు అది చదివి పని మొదలుపెడతారు. పంపు చెడిపోయినందుకు ఎవరూ ఎవరినీ తప్పుపట్టరు. చెడిన సంగతి రాయకుండా దిగిపోయినవానిని మాత్రం తరువాతి షిఫ్టు క్షమించదు. ఈ మూడు సీరియళ్ళనూ ఆ దృష్టితో పరిశీలిస్తే, లాగ్ బుక్ సరిగా రాసినది ఏదో, పుటలు చింపినది ఏదో తెలిసిపోతుంది.

‘బఫీ’లో విల్లో అనే అమ్మాయి ఉన్నది. మొదట బిడియస్తురాలు, చదువరి, అందరికీ ఇష్టురాలు. క్రమంగా మంత్రవిద్య నేర్చుకొంటుంది. 2001లో ప్రసారమైన ఆరవ భాగంలో, తన సహచరి టారాకు తనకు జరిగిన తగవును టారా మరచిపోయేటట్లు ఆమెపై మంత్రం వేస్తుంది. ప్రేమ కొద్దీ చేసిన పనే. కాని కథ దానిని ప్రేమ అనలేదు. టారాకు సంగతి తెలిసింది. బాధపడింది. మాట ఇచ్చి కూడా విల్లో మరొకసారి అదే పని చేయగా ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. తరువాత విల్లో హత్య వరకూ వెళ్ళింది. తిరిగి వచ్చిన తరువాత కూడా మంత్రం ముట్టుకోవాలంటే ఆమె చేతులు వణుకుతూనే ఉంటాయి. ఎదుటివారి జ్ఞాపకాన్ని తుడిచివేయడం ఎంతటి అపరాధమో ఇంత తేటగా చెప్పిన దయ్యాల కథ మరొకటి నాకు తెలియదు. అదే సీరియల్‌లో స్పైక్ అనే పిశాచి 2002లో బఫీపై అత్యాచారయత్నం చేస్తాడు. ఆ తరువాత తన ఆత్మను తాను వెదికి తెచ్చుకొంటాడు. దీనిని గురించి ప్రేక్షకులు నేటికీ రెండుగా చీలి ఉన్నారు. చీలి ఉండటమే సరియైనది. కథ ఆ పనిని దాచలేదు కనుకనే వారికి వాదించడానికి ఏదో మిగిలి ఉన్నది.

‘వాంపైర్ డైరీస్’ వద్దకు వస్తే వ్యవహారం వేరు. మన సోదరి కుమార్తె మెచ్చుకొన్న డేమన్ ఇందులోనివాడే. అందగాడు, మాటకారి. మొదటి భాగంలో అతడు కారొలైన్ అనే అమ్మాయిని వశీకరణంతో లొంగదీసుకొని ఆమె రక్తం తాగుతాడు. ఆమె మనస్సును తన ఇష్టం వచ్చినట్లు ఆడిస్తాడు, జరిగినది మరపింపజేస్తాడు. రెండవ భాగం మొదట్లో, 2010లో, కారొలైన్ తానే పిశాచిగా మారగా పోయిన జ్ఞాపకాలన్నీ తిరిగి వస్తాయి. డేమన్‌కు ఎదురు నిలిచి, నీవు చేసినవన్నీ నాకు గుర్తున్నాయి అని చెబుతుంది. ఎంత బలమైన ఘట్టం! లాగ్ బుక్ తనంత తాను తెరుచుకొన్నట్లు ఉంటుంది. కాని ఆ తరువాత? కథ మెల్లమెల్లగా ఆ పుటను మూసివేసి ముందుకు సాగిపోయింది. ఆరంభంలో ఎలీనా తమ్ముడు జెరెమీ మెడ విరిచినవాడే చివరకు ఆమె ప్రియుడయ్యాడు. తమ్ముని వేలికి మృత్యువును తప్పించే ఉంగరం ఉన్నది కాబట్టి అతడు లేచి కూర్చున్నాడు. మన భాషలో చెప్పాలంటే ఇది ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేయడమే. ప్రమాదం జరిగితే యంత్రం ఆగవలసిన చోట ఆగకుండా తీగ వేసి నడిపించడమన్నమాట. దీనికి తోడు ఆ కథలోని పిశాచాలకు తమలోని మానవత్వాన్ని ఆపివేసుకొనే ‘స్విచ్’ కూడా ఉన్నది. ఎలక్ట్రికల్ విభాగంలోని మన మిత్రులు అటువంటి స్విచ్ దొరికితే నాకు కూడా తెలియజేయగలరు.

పుట మూసివేయడానికి రచయితలు వాడిన పరికరం ఏమిటి? హాస్యం. డేమన్ నోటివెంట వచ్చే ప్రతి మాటా చురుక్కుమంటుంది. మనం నవ్వుతాము. నవ్విన తరువాత కోపం నిలబడదు. హత్య జరిగిన మరుసటి దృశ్యంలోనే అతడొక విసురు విసిరితే, ఆ హత్య కూడా అతని అల్లరిలో భాగంగా మారిపోతుంది. కనుక ధోరణి అన్నది పైపూత కాదు. దేనిని గుర్తుంచుకోవాలో, దేనిని మరవాలో ప్రేక్షకునికి చెప్పేది అదే.

నవ్వు ఉన్నంత మాత్రాన కథ మరచిపోవాలని లేదు. 1994లో ఎస్.వి. కృష్ణారెడ్డి గారు తీసిన ‘యమలీల’ మనందరమూ చూసినదే. ఆలీ పోషించిన సూరజ్ తల్లి గారాబంతో చెడిపోయిన ఆకతాయి. యమధర్మరాజుగా కైకాల సత్యనారాయణ, చిత్రగుప్తుడుగా బ్రహ్మానందం భూలోకానికి దిగి పొట్టచెక్కలయ్యేటట్లు నవ్వించారు. కాని భవిష్యవాణి గ్రంథంలో తల్లి మరణాన్ని చదివిన కుర్రవాని ముఖం దగ్గర ఆ నవ్వు ఆగిపోతుంది. ఎంత హాస్యం సాగినా ఆ మరణం తరుముకొని వస్తూనే ఉన్నదని ప్రేక్షకుడు మరువడు. ‘బఫీ’లో ఇంతకంటె కఠినమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. 2001లో వచ్చిన ఒక భాగంలో బఫీ తల్లి పిశాచాల వల్ల కాక మెదడులోని వ్యాధి వల్ల, మన ఇళ్ళలో జరిగినట్లే, సోఫాలో పడి మరణిస్తుంది. ఆ భాగం మొత్తంలో నేపథ్య సంగీతం లేదు. ఆన్యా అనే పాత్ర అంతకుముందు మానవమర్యాద తెలియక మాట్లాడే మాటలతో నవ్విస్తూ ఉండేది. ఇక్కడ కూడా ఆమె అదే విధంగా, చనిపోయినామె తన శరీరంలోకి తిరిగి ఎందుకు రాకూడదో నాకు అర్థం కావడం లేదని అడుగుతుంది. పాత్ర మారలేదు, మాట తీరు మారలేదు. నవ్వు మాత్రం రాదు.

శబ్దానువాదం గురించి ఇక్కడ ఒక మాట. సూరత్‌లో మగ్గాలపై బ్రతికే పద్మశాలి కుటుంబాల పిల్లలు, నగరపాలక సంస్థ నడిపే తెలుగు మాధ్యమ పాఠశాలల్లో చదివే పిల్లలు, ఇటువంటివాటిని తెలుగులోనో హిందీలోనో చూస్తారు. మూలంలో సిగ్గుపడుతూ, నసుగుతూ అన్న మాటను మనవారు సినిమా కథానాయకుని పంచ్ డైలాగుగా మార్చి చెప్పించడం కద్దు. తప్పు చేసి తల వంచుకొన్న కుర్రవాడు అప్పుడు తప్పు చేసి మీసం తిప్పినవాడుగా కనిపిస్తాడు. దోషం అదే, ధోరణి మారిపోయింది. అనువాదకులు ఈ విషయంలో శ్రద్ధ వహిస్తే మేలు.

కథ మరచిపోయినప్పుడు ప్రేక్షకుడు ఏమి చేయగలడు? ‘స్ట్రేంజర్ థింగ్స్’ విషయంలో ఒక విశేషం జరిగింది. మొదటి భాగంలో బార్బ్ అనే అమ్మాయిని రాక్షసజంతువు ఎత్తుకుపోయి చంపుతుంది. స్నేహితురాలు నాన్సీ తన సరదా కోసం ఆమెను ఒంటరిగా వదిలిన రాత్రి అది. ఊరంతా విల్ అనే మరొక పిల్లవాని కోసం వెదికింది కాని, బార్బ్ కోసం ఏడ్చినవారు అంతగా కనిపించరు. 2016లో ప్రేక్షకులు దీనిని సహించలేదు. బార్బ్‌కు న్యాయం కావాలని పట్టుబట్టారు. కొద్ది నిమిషాలు మాత్రమే కనిపించిన ఆ పాత్రను పోషించిన షానన్ పర్సర్ పేరు ఎమ్మీ పురస్కారాల పరిశీలనకు వెళ్ళింది. 2017లో వచ్చిన రెండవ భాగంలో బార్బ్ తల్లిదండ్రుల ఇంటికి నాన్సీ భోజనానికి వెళ్ళే దృశ్యం ఉన్నది. కూతురు బ్రతికే ఉన్నదనే ఆశతో, ఆమెను వెదికించడానికి ఆ దంపతులు ఇల్లు అమ్మకానికి పెట్టారు. నిజం తెలిసిన నాన్సీ అన్నం ముందు కూర్చోలేక లేచిపోతుంది. ఆ భాగం ముగిసేలోగా బార్బ్‌కు అంత్యక్రియలు జరుగుతాయి. రాయకుండా వదిలిన పుటను చూసేవారే పట్టుబట్టి రాయించారనుకోవచ్చు. వరండాలో పిల్లల వాదన కాలక్షేపం అని కొట్టివేసే పెద్దలు ఈ ఉదంతాన్ని గమనింపగలరు.

జ్ఞాపకం అంటే పగ కాదు. ఈ సంగతి చెప్పడానికి స్టీవ్ కంటె మంచి ఉదాహరణ లేదు. స్టీవ్ హారింగ్టన్ మొదట డబ్బున్న పొగరుబోతు. జోనాథన్ అనే బీదవాని కెమెరాను పగులగొట్టాడు. నాన్సీని అవమానిస్తూ సినిమా హాలు బోర్డు మీద స్నేహితులు రాతలు రాస్తే చూస్తూ ఊరుకొన్నాడు. అతనిని చెడ్డవానిగానే ముగించాలని మొదట అనుకొన్నట్లు సీరియల్ సృష్టికర్తలైన డఫర్ సోదరులు చెప్పారు. జో కీరీ నటన చూసి మనసు మార్చుకొన్నారట. ఆ మార్పు ఎలా జరిగిందో చూడండి. ఎవరూ అతని తప్పును మంత్రంతో తుడవలేదు. అతడే తన స్నేహితులను వదులుకొని, సినిమా హాలుకు వెళ్ళి, ఆ రాతలను తన చేత్తో తుడిచాడు. ఆ తరువాతనే చేతికి బ్యాటు తీసుకొని రాక్షసునితో పోరాడాడు. క్రమం గమనించదగినది. ముందు తుడవడం, తరువాత వీరత్వం.

స్టీవ్ కథలో మన టౌన్‌షిప్‌కు సంబంధించిన ముఖ్యాంశం మరొకటి ఉన్నది. అతనికి కళాశాలలో సీటు రాలేదు. మూడవ భాగంలో అతడు ఒక అంగడిసముదాయంలో, నావికుని టోపీ పెట్టుకొని ఐస్‌క్రీం అమ్ముతూ ఉంటాడు. ఇంజనీర్ల ఇళ్ళు వరుసగా ఉన్న కాలనీలో, ఎవరి అబ్బాయికి ఏ ర్యాంకు వచ్చినదో పాలవానికి కూడా తెలిసే కాలనీలో, ఈ విషయం ఎటువంటి ప్రభావం చూపుతుందో ఊహించండి. రెండుమార్లు ప్రవేశపరీక్ష రాసి, రెండుమార్లూ సీటు రాని ఒక అబ్బాయి మన మధ్యనే ఉన్నాడు. మెస్సుకు వస్తే పెద్దలు, "ఏమిరా, ఈ సంవత్సరమైనా..." అని మొదలుపెడతారు. ఒక సాయంత్రం వాదనంతా విన్న ఆ అబ్బాయి, ఎవరినీ చూడకుండా, "స్టీవ్‌కి కూడా సీటు రాలేదు కదా. అయినా ఆ పిల్లలందరూ ఏ ఆపద వచ్చినా వాళ్ళ అమ్మానాన్నల దగ్గరికి పోరు, అతని దగ్గరికే పోతారు" అన్నాడు. వరండాలో ఎవరూ మాట్లాడలేదు. స్టీవ్ వాచకాన్ని అనుకరించి నవ్వించే కుర్రవాడు కూడా ఆ పూట అనుకరించలేదు.

ఆ రాత్రే మన సోదరి కుమార్తె కూడా అక్కడ ఉన్నది. డేమన్ ప్రస్తావన మళ్ళీ వచ్చింది. ఎలీనా కోసం మారాడు కదా అని ఆ అమ్మాయి అన్నది. హరిస్వామి కథలో భర్తను పట్టుకొన్న అమ్మాయి అంతకంటె మెల్లగా, "మరి కారొలైన్ సంగతి?" అన్నది. మూడు మాటలే. ఏ తల్లి ఉపన్యాసమూ అంత పని చేసి ఉండదు. మన సోదరి కుమార్తె జవాబు చెప్పలేదు, అంగీకరించనూ లేదు. తరువాత రెండు రోజులకు మొదటి భాగం మళ్ళీ మొదటినుండి చూస్తున్నదని తెలిసింది. ఈసారి కారొలైన్ కోసం చూస్తున్నదట.

ఇక మిగిలినది బిల్లీ వ్యవహారం. దీని విషయంలో మా వరండా ఇంతవరకు ఏకాభిప్రాయానికి రాలేదు. బిల్లీ అదే ‘స్ట్రేంజర్ థింగ్స్’లో మాక్స్ అనే బాలికకు సవతి అన్న. ఆమెను భయపెట్టి హింసించాడు. ఆమె నల్లజాతి స్నేహితుడు లూకస్‌ను గోడకదిమి బెదిరించాడు. స్టీవ్‌ను నేలకేసి కొట్టాడు. ఇతని తండ్రి ఇతనిని కొట్టే దృశ్యం కూడా మనకు చూపుతారు. మూడవ భాగంలో రాక్షసశక్తి అతనిని ఆవహించి ఎందరి ప్రాణాలో తీయిస్తుంది. చివర ఒక్క నిమిషం తనవాడై, ఎలెవెన్ అనే బాలికకు అడ్డు నిలిచి మరణిస్తాడు. 2022లో వచ్చిన నాలుగవ భాగంలో మాక్స్ అతని సమాధి వద్ద కూర్చుని, తాను రాసిన ఉత్తరం చదువుతుంది. ఆ రోజు పరుగెత్తిపోయి అన్నను ప్రక్కకు లాగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకొంటుంది. ఆ ఘట్టంలో ఒక్క హాస్యపు మాట లేదు. 1985 నాటి కేట్ బుష్ పాట ఆ భాగంతోనే తిరిగి లోకమంతా మారుమ్రోగింది.

పాఠక మహాశయులకు బేతాళుని తరపున ప్రశ్న ఇదే. బిల్లీ చేసిన పాపాలలో తండ్రి వాటా ఎంత, ఆవహించిన శక్తి వాటా ఎంత, బిల్లీ స్వంత వాటా ఎంత? తనను హింసించినవాని కోసం మాక్స్ కన్నీరు కార్చడం న్యాయమేనా? మా ఇంట్లో ముగ్గురం మూడు సమాధానాలు చెప్పాము. మీ సమాధానాలను కాగితానికి ఒక ప్రక్కన మాత్రమే రాసి, పేరు, విభాగం తెలియజేస్తూ సంపాదకులకు పంపగలరు. పిల్లల సమాధానాలకు ప్రాధాన్యం ఇవ్వబడుతుంది. తెలిసీ చెప్పనివారి తలకు ఎటువంటి ప్రమాదమూ లేదని భద్రతా విభాగంవారు హామీ ఇచ్చారు.